ఆటోనగర్ యూనిట్‌లో కొత్త వేతన ఒప్పందం: జీవన వేతనం అంకె ఎలా తేల్చాలి?

ప్రశ్న: ఆటోనగర్ ఫిట్టర్

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు, విడిభాగాలు చేసే యూనిట్. 40 మంది పనివాళ్లం. మూడేళ్ల ఒప్పందం గడువు దగ్గర పడింది, కోరికల పత్రం రాయాలి. హెల్పర్ జీతం ఇప్పుడు అన్నీ కలిపి 16,000. "ప్రభుత్వం చెప్పిన కనీస వేతనానికి తగ్గకుండానే ఇస్తున్నాం, జీవన వేతనం అంటే ఎంతో మీరే లెక్క చూపించండి" అన్నది యాజమాన్యం మాట.

కేంద్ర కార్మిక సంఘాలు అడుగుతున్న 26,000 అలాగే రాసేద్దాం అని కొందరి వాదన. ఆ అంకె ఎలా వచ్చింది అని ఎదురు ప్రశ్న వేస్తే ఏం చెప్పాలి? వరస వరసగా నిలబడే లెక్క కావాలి. ఏ సరుకు ఎంత, ఏ ధర, అద్దె ఎలా, చదువు, వైద్యం ఎలా. చట్టపరంగా ఏ మాట వాడాలి, ఏది వాడకూడదు అన్నది కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: గవర్నర్‌పేట లేబర్ లా

ఫిట్టర్ గారూ, లెక్క కన్నా ముందు ఒక మెలిక చూడండి. మొత్తం అంకెకు "జీవన వేతనం" అని శీర్షిక పెడితే నష్టపోయేది మీరే.

1948లో వేసిన న్యాయ వేతనాల కమిటీ వేతనాన్ని మూడు మెట్లుగా చెప్పింది: కనీస, న్యాయ, జీవన (కుటుంబం మర్యాదగా బతకడానికి చాలే వేతనం). కనీస మెట్టు దగ్గర యజమాని "నాకు శక్తి లేదు" అంటే చెల్లదు. క్రౌన్ అల్యూమినియం కేసు (1958), ఉన్నిచోయి కేసు (1961) రెండిట్లోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆ పాటి ఇవ్వలేని పరిశ్రమకు నడిచే హక్కే లేదన్నంత గట్టిగా చెప్పింది. న్యాయ వేతనం దగ్గరికి వచ్చేసరికి చెల్లించే శక్తి లెక్కలోకి వస్తుంది, అప్పుడు బ్యాలెన్సు షీటు బల్ల మీదికి వస్తుంది. జీవన వేతనం రాజ్యాంగం 43వ అధికరణలో ఉంది కానీ అది ఆదేశిక సూత్రం. దాన్ని చూపించి నేరుగా కోర్టు నుంచి జీతం రాబట్టలేరు.

కాబట్టి మీ పత్రానికి వెన్నెముక 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెప్టకోస్ బ్రెట్ తీర్పు. 1957లో 15వ భారత కార్మిక సదస్సు ఐదు కొలతలు పెట్టింది: సంపాదించే ఒక్కరికి మూడు వినియోగ యూనిట్ల (భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు) కుటుంబం, పెద్ద మనిషికి రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు–దీపం–ఇతర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. రెప్టకోస్ తీర్పు ఆరోది చేర్చింది: పిల్లల చదువు, వైద్యం, పండగలు పబ్బాలు, ముసలితనం, పెళ్లిళ్లు వీటన్నిటికీ కలిపి మొత్తం కనీస వేతనంలో 25 శాతం. ఈ ఆరూ కలిస్తే వచ్చేది ప్రాణం నిలుపుకునే కనీస వేతనమే, అంతకు మించింది కాదు అని కూడా ఆ తీర్పులోనే ఉంది. అంటే బడి ఫీజు, మందుల ఖర్చు మీరు అడిగే అదనపు సౌకర్యాలు కావు.

పత్రాన్ని రెండు ముక్కలు చేయండి. ఈ ఆరు అంశాల మొత్తానికి "అవసరాల ఆధారిత కనీస వేతనం" అని రాయండి. పొదుపు, మూడు యూనిట్లలోకి రాని అమ్మానాన్నల పోషణ, అద్దె అడ్వాన్సు లాంటివి రెండో ముక్కలో, జీవన వేతనం వైపు దశలవారీ పెంపుగా రాయండి. శక్తి లేదన్న వాదన రెండో ముక్కకే అంటుకుంటుంది. మొదటిదాన్ని ఆ వాదనతో కొట్టేయడం కష్టం.

ఇక ప్రభుత్వ నోటిఫికేషన్‌లోని కనీస వేతనం అంకె. అంతకన్నా తక్కువ ఇవ్వకూడదని చట్టం చెబుతుంది, అంతకన్నా ఎక్కువ అడగకూడదని ఎక్కడా లేదు. నోటిఫై చేసే అంకెకూ అవసరానికీ ఎంత దూరమో ప్రభుత్వం వేసిన కమిటీయే చూపించింది. 2019లో నివేదిక ఇచ్చిన అనూప్ సత్పతి కమిటీ 2018 జులై ధరల మీద ఆంధ్రప్రదేశ్ ఉన్న ప్రాంతానికి రోజుకు 380 రూపాయలు ఉండాలంది. అప్పటికి జాతీయ స్థాయి కనీసం 176. పాత కనీస వేతనాల చట్టం స్థానంలో వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది కనుక "మా పని చట్టం షెడ్యూల్‌లో లేదు" అన్న పాత సాకు కూడా ఇక నడవదు.

జవాబు: కృష్ణలంక లెక్కలు

నేను సరుకుల బుట్ట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే గొడవ మొదలయ్యేది అక్కడే.

పరిమాణాలు సొంతంగా రాయకండి. ఏడో కేంద్ర వేతన సంఘం 2016 జనవరి 1 నుంచి 18,000 కనీస జీతం తేల్చడానికి వాడిన బుట్టనే తీసుకోండి. "ప్రభుత్వం తన ఉద్యోగికి ఇదే బుట్ట వేసింది" అంటే పరిమాణాల మీద ఎవరూ నోరెత్తలేరు. మూడు యూనిట్లకు నెలకు అందులో ఉన్నవి: బియ్యం లేదా గోధుమ 42.75 కిలోలు, పప్పు 7.2, అన్ని రకాల కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 27, పండ్లు 10.8, పాలు 18 లీటర్లు, చక్కెర లేదా బెల్లం 5 కిలోలు, నూనె 3.6, చేప 2.5, మాంసం 5, గుడ్లు 90. బట్ట నెలకు 5.5 మీటర్లు, అంటే ఏడాదికి 66.

లెక్క తీరు చూపడానికి కొన్ని ధరలు వేస్తున్నా. మీరు పటమట రైతుబజారు బోర్డు ధర, చుట్టుపక్కల మూడు కిరాణా షాపుల బిల్లు తెచ్చి సగటు పెట్టండి. ఒకే రోజు ధర కాకుండా నెలలో నాలుగు వారాలవి తీసుకోండి. టమాటా, ఉల్లి ఒక్క వారంలోనే తలకిందులవుతాయి, యాజమాన్యం చవకగా ఉన్న వారాన్నే పట్టుకొస్తుంది.

బీపీటీ బియ్యం కిలో 55 చొప్పున 2,351. కందిపప్పు 130 చొప్పున 936. కూరగాయలు 35 చొప్పున 945. పండ్లు 70 చొప్పున 756. పాలు 60 చొప్పున 1,080. చక్కెర 225. నూనె 150 చొప్పున 540. చేప 200 చొప్పున 500. కోడి మాంసం 240 చొప్పున 1,200. గుడ్లు ఆరున్నర చొప్పున 585. మొత్తం 9,118. ఆ జాబితాలో కారం, చింతపండు, ఉప్పు, పోపు దినుసులు, టీపొడి లేవు. అవి లేకుండా గుంటూరు, కృష్ణా జిల్లాల్లో వంట ఎవరు చేస్తారో ఆ సంఘానికే తెలియాలి. వాటికి 500 వేసి 9,618 చేయండి. బట్ట కుట్టుకూలితో కలిపి మీటరు 200 అనుకుంటే 1,100. తిండీ బట్టా కలిపి 10,718.

ఇప్పుడు అద్దె. 2020 నాటి ముసాయిదా వేతన నియమాల్లో అద్దె అంటే తిండి, బట్టల ఖర్చులో 10 శాతం. ఈ లెక్కన 1,072. ఆ డబ్బుకు సింగ్‌నగర్‌లో కాదు కదా, ఊరవతల కూడా కుటుంబం ఉండే గది దొరకదు. హెల్పర్లలో కనీసం పదిమంది అద్దె రశీదులు జత చేయండి. ఉదాహరణకు 5,000 అనుకుందాం.

చాలా పత్రాలు తప్పేది దీని తర్వాతి మెట్టులో. 20 శాతం, 25 శాతం అన్నవి మొత్తం వేతనంలో శాతాలు, తిండి–బట్ట–అద్దె మీద శాతాలు కావు. మొత్తంలో 45 శాతం వాటికి పోతే, మీరు లెక్క కట్టిన భాగం మిగతా 55 శాతం. కాబట్టి 0.55తో భాగించాలి. 100 రూపాయల ఖర్చుకు 45 కలిపి 145 రాసేస్తారు, రావలసింది దాదాపు 182. యాజమాన్యం తరఫు లెక్కల్లో ఈ "పొరపాటు" ఎప్పుడూ ఒకే వైపు జరుగుతుంది.

అద్దె ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి ఒకే బుట్ట నుంచి మూడు అంకెలు వస్తాయి:

ముసాయిదా నియమం ప్రకారం 10 శాతం అద్దెతో: 11,790 ÷ 0.55 = 21,436.

అసలు అద్దె 5,000 కూడా కలిపి భాగిస్తే: 15,718 ÷ 0.55 = 28,578.

తిండీ బట్టా మాత్రమే భాగించి అద్దెను విడిగా కలిపితే: 10,718 ÷ 0.55 = 19,487, దానికి 5,000 కలిపి 24,487.

నా ఓటు మూడోదానికి. అద్దె పెరిగినంత మాత్రాన చదువు, వైద్యం ఖర్చు అదే నిష్పత్తిలో పెరగదు కదా, రెండోదాన్ని వాళ్లు ఆ మాటతోనే కొట్టేస్తారు. మొదటిదాన్ని పత్రంలో చూపించండి, "ప్రభుత్వ ముసాయిదా నియమం ప్రకారమే 21 వేలు దాటింది" అనడానికి. 26,000 తప్పుడు అంకె అని కాదు. దేశమంతటికీ పెట్టిన కోరికను ఈ ఊరి రశీదులతో నిరూపించలేరు, 24,487ను నిరూపించగలరు.

జవాబు: అరండల్‌పేట అకౌంట్స్

లెక్క బాగుంది కానీ 21,000 దగ్గర ఒక గోడ ఉంది. ఇప్పటి పరిమితి ప్రకారం వేతనం 21,000 దాటితే ఈఎస్ఐ పోతుంది. గుణదల ఆస్పత్రి కార్డుతో ఇంటిల్లిపాదికీ వచ్చే వైద్యం ఆగిపోతుంది. 16,000 మీద పనివాడు కట్టేది 0.75 శాతం, అంటే 120. యజమాని కట్టేది 3.25 శాతం, అంటే 520. ఆ 640కి వచ్చే వైద్యాన్ని బయట ఆ ధరకు కొనలేరు. ఒక ఇంట్లో డయాలసిస్ కేసు ఉంటే జీతం పెరుగుదల మొత్తం ఒక్క నెలలో కరిగిపోతుంది.

పరిమితి దాటిన నెలలోనే ఆగదు. ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి అని రెండు చందా కాలాలు ఉంటాయి. కాలం మధ్యలో దాటితే ఆ కాలం చివరిదాకా చందా కట్టాలి, కవరేజీ కొనసాగుతుంది. అందుకని పరిమితి దాటించే పెంపు తేదీని ఏప్రిల్, అక్టోబరు మొదట్లో కాకుండా, కాలం మొదలయ్యాక మే లేదా నవంబరు మొదట్లో పెడితే ఐదు నెలలు కలిసొస్తాయి. ఆ తర్వాత యజమానికి మిగిలే 3.25 శాతాన్ని గ్రూపు ఆరోగ్య బీమాకు మళ్లించాలని ఒప్పందంలోనే రాయించండి. పాత జబ్బులకు వేచి ఉండే గడువు లేని పాలసీ అని స్పష్టంగా రాయాలి, లేకపోతే మొదటి క్లెయిమ్‌కే తిరగగొడతారు.

2015 సవరణ తెచ్చిన బోనస్ పరిమితి కూడా 21,000. అది దాటినా కనీసం 8.33 శాతం బోనస్ ఒప్పందం ప్రకారం ఇస్తామని ఒక వాక్యం ఉండాలి. పీఎఫ్ మాత్రం 15,000 దగ్గరే ఆగుతుంది, యజమాని వాటా 1,800, మిగతా చిల్లర చార్జీలతో 1,950. మీ 16,000లో బేసిక్, డీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) కలిపి ఇప్పటికే దానికి పైన ఉంటే పెంపు వల్ల యాజమాన్యానికి కొత్త పీఎఫ్ భారం లేదు. ఇది వాళ్లకు గుర్తు చేయండి. గ్రాట్యుటీ భారం ఉంటుంది, పెరిగిన బేసిక్, డీఏ మీద దాదాపు 4.81 శాతం.

అందుకే పెంపును అలవెన్సుల్లో పెడతామంటారు. వేతనాల కోడ్‌లో మినహాయింపు భత్యాలు మొత్తం చెల్లింపులో సగం దాటితే దాటినంత మేర తిరిగి వేతనంలోకే వచ్చి చేరుతుంది. అయినా బేసిక్, డీఏలోనే పెట్టమనండి. 24,487కు, 16,000కు తేడా 8,487. మూడు విడతలైతే విడతకు 2,829: మొదటి ఏడు 18,829, రెండో ఏడు 21,658, మూడో ఏడు 24,487. అంటే బీమా ఏర్పాటు రెండో ఏడాదికల్లా సిద్ధంగా ఉండాలి. డీఏ కూడా కలిస్తే ఇంకా ముందే.

యజమాని వైపు నుంచి ఒక మాట. 40 మందికీ ఇదే తేడా అనుకుంటే నెలకు 3,39,480. ఆ అంకెను ఒంటరిగా చూపిస్తే గుండె ఆగుతుంది. ఒక బాడీ అమ్మకం ధరలో కూలి ఖర్చు ఎంత శాతమో, పెంపు తర్వాత ఎంతవుతుందో పక్కన పెట్టి చూపిస్తేనే బేరం ముందుకు కదులుతుంది.

ఆటోనగర్ ఫిట్టర్

అందరికీ ధన్యవాదాలండీ. రెండు సందేహాలు. "మీ ఇళ్లలో ఆడవాళ్లు కూడా పనికి వెళ్తున్నారు, ఒక్కరి సంపాదన మీదే మూడు యూనిట్లు ఎందుకు?" అని అంటారు. అలాగే "రేషన్ బియ్యం ఉచితంగా వస్తున్నాయి కదా, 42 కిలోలకు 55 చొప్పున ఎందుకు?" అని. ఏం చెప్పాలి?

జవాబు: గవర్నర్‌పేట లేబర్ లా

రేషన్ సంగతి తేలిక. రాష్ట్రంలో బియ్యం కార్డుకు పట్టణ కుటుంబం నెల ఆదాయం 12,000 లోపు ఉండాలి. మీ ఇప్పటి 16,000యే దాన్ని దాటింది. కార్డు అర్హత లేని జీతంలోంచి కార్డు బియ్యం విలువ తీసేయడం కుదరదు. పైగా ఆ సబ్సిడీ ప్రభుత్వం పేదవాడికి ఇచ్చింది, యజమానికి కాదు. ఒప్పుకుంటే నష్టం చిన్నది కూడా కాదు. తలకు 5 కిలోల చొప్పున నలుగురికి 20 కిలోలు, 1,100 రూపాయలు. 0.55తో భాగించాక జీతంలో సరిగ్గా 2,000 తగ్గుతుంది.

ఇద్దరి సంపాదన సంగతే జాగ్రత్తగా చూడాలి. 1957 కొలతలో మగవాడు 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు 0.6 చొప్పున, మొత్తం 3. స్త్రీలు, పిల్లల సంపాదన లెక్కలోకి తీసుకోకూడదని ఆ తీర్మానంలోనే ఉంది. విదేశీ కొనుగోలుదారులు వాడే ఆంకర్ పద్ధతి వేరు. అది ఆ ప్రాంతపు అసలు కుటుంబ పరిమాణం, మర్యాదగా ఉండే ఇంటి అసలు అద్దె, నిజంగా అయ్యే ఇతర ఖర్చులు తీసుకుని, అనుకోని ఖర్చులకు 5 శాతం కలిపి, దాన్ని సంపాదించేవాళ్ల సంఖ్యతో, మామూలుగా 1.5 నుంచి 1.8 మధ్య ఉండేదానితో భాగిస్తుంది. కోతలు పోను చేతికి వచ్చేది సరిపోయేలా పైన మళ్లీ కలుపుతుంది.

ఏదో ఒక పద్ధతి మొదటి నుంచి చివరిదాకా వాడాలి. బేరంలో జరిగేది కలగాపులగం: ఖర్చు 1957 లెక్కన, భాగహారం ఆంకర్ లెక్కన. 24,487ను 1.6తో భాగిస్తే 15,304. మీ ఇప్పటి జీతం కన్నా తక్కువ! వాళ్లు ఆ దారి పడితే మీరు అడగవలసింది ఇదే: భార్య కూడా పనికి వెళ్లేదైతే ఆవిడ 0.8 ఎందుకవుతుంది, 1 అవ్వాలి. సత్పతి కమిటీ యూనిట్లను 3.6కు పెంచింది, అది వేయండి. బిడ్డను చూసుకునే మనిషి ఖర్చు కలపండి.

ఇంకొకటి. "అన్నీ కలిపి 16,000" అన్నారు. అందులో ఓవర్‌టైం, హాజరు బోనస్ ఉంటే తీసేసి చూడండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో ఆమోదించిన నిర్వచనంలో జీవన వేతనం మామూలు పని గంటలకే. పన్నెండు గంటలు పనిచేసి తెచ్చుకున్న జీతాన్ని ఎనిమిది గంటల లెక్కతో పోల్చకూడదు.

జవాబు: మిర్చి కోల్డ్ స్టోరేజీ

నెల జీతం ఉన్నవాళ్లకు ఇదంతా సరిపోతుంది. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లకు కిలో లెక్క, హమాలీలకు బస్తా లెక్క. అక్కడ 24,487ను 26తో భాగించి రోజుకు 942 అని రాస్తే చాలదు. సీజన్ మూడు నాలుగు నెలలే ముమ్మరం, మే–జూన్‌లో యార్డుకు వేసవి సెలవులు. ఏడాది అవసరం 2,93,844. పని దొరికేది 312 రోజులైతే 942 సరే, 200 రోజులే అయితే రోజుకు 1,469 పడాలి.

కిలో రేటు కావాలంటే ఆ రోజు కూలిని సగటు చెయ్యి ఎనిమిది గంటల్లో చేసే కిలోలతో భాగించాలి. గుమస్తా ఎప్పుడూ అందరికన్నా చురుకైన మనిషిని చూపించి "ఆమె ఇంత తీస్తుంది" అంటాడు. కనీసం పదిమందిని, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవాలి. ఘాటుకు మధ్యాహ్నం చెయ్యి నెమ్మదిస్తుంది. రకం కూడా విడిగా రాయాలి. తేజ కాయ సన్నం, కిలోకు కాయలు ఎక్కువ, తొడిమలూ ఎక్కువే. లావు కాయ రకానికి కట్టిన రేటే తేజకూ వేస్తే కూలి పడిపోతుంది.

జవాబు: కృష్ణలంక లెక్కలు

చివరగా డీఏ. అది లేకుండా సంతకం పెడితే మూడో ఏడాదికి 24,487 అన్నది పేరుకే మిగులుతుంది.

పారిశ్రామిక కార్మికుల ధరల సూచీలో 2001 ఆధారంగా ఉన్నప్పుడు విజయవాడ ఒక కేంద్రం. 2016 ఆధారంలో రాష్ట్రానికి గుంటూరు, నెల్లూరు, విశాఖ కేంద్రాలు. కాబట్టి మీకు దగ్గరది గుంటూరు సూచీ. దాని పేరు, 2016=100 అన్న ఆధారం, ఒప్పందం నెల అంకె మూడూ పత్రంలో రాయండి. పాత ఒప్పందం 2001 ఆధారం మీద ఉంటే గుంటూరుకు ఇచ్చిన లింకింగ్ ఫ్యాక్టర్ (కొత్త సూచీని పాతదానితో కలిపే గుణకం) వాడాలి. అఖిల భారత 2.88 వేస్తే లెక్క తప్పుతుంది.

సూత్రం: జీతాన్ని కొత్త సూచీతో గుణించి, ఒప్పందం నాటి సూచీతో భాగించాలి. సూచీ 140 నుంచి 144కు వెళితే అద్దె పోను ఉన్న 19,487 కాస్తా 20,044. "పాయింటుకు ఇన్ని రూపాయలు" అంటే మాత్రం ఏ జీతం మీద ఆ రూపాయలు తేల్చారో చూసుకోండి. హెల్పర్ పాత బేసిక్ మీద తేల్చినదైతే ఫిట్టర్‌కు, వెల్డర్‌కు పెరిగిన ధరలో సగం కూడా తిరిగి రాకపోవచ్చు. శాతం పద్ధతిలో వర్గాల మధ్య తేడా దానంతట అదే నిలుస్తుంది.

అద్దెను ఇందులో కలపకుండా విడిగా ఏడాదికోసారి రశీదులతో సవరించమని అడగండి. సూచీలో ఇంటి అద్దె అంకె ఆరు నెలలకోసారే, జనవరి, జులైల్లో మారుతుంది. అఖిల భారత సూచీలో దాని బరువు 16.87 శాతమే. మీ 24,487లో అద్దె 5,000 అంటే 20 శాతం పైనే.